ఆదివారం సైకిల్‌ది... సోమవారం బస్సుది!

నగరం బాగుపడాలంటే సైకిళ్లకు దారివ్వాలా, బస్సులకు పెద్దపీట వేయాలా? దక్షిణ అమెరికాలోని బొగోటా యాభయ్యేళ్లుగా ఈ ప్రశ్నతోనే కాపురం చేస్తోంది. వారానికోరోజు కార్లకు సెలవిచ్చి సైకిళ్లకు రోడ్లు అప్పగించింది. మిగతా ఆరురోజుల కోసం రోడ్డు నడిమధ్యన బస్సులకు రాజమార్గం వేసింది. రెండిట్లోనూ మెప్పు పొందింది, రెండిట్లోనూ దెబ్బలు తింది. అందుకే ఆ ఊరి అనుభవం ఏ నగరానికైనా పాఠమే.

రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు పెట్టారంటే... అటుగా ఏ మంత్రిగారో వస్తుండాలి, లేదంటే ఊరేగింపో ధర్నానో జరుగుతుండాలి. కొలంబియా రాజధాని బొగోటాలో మాత్రం ఆదివారాలూ పండగ సెలవులూ కలిపి ఏడాదికి 70 సార్లదాకా పెద్దపెద్ద రోడ్లను మూసేస్తారు. వచ్చేది మంత్రి కాదు, మామూలు జనం. సైకిళ్ల మీదా, చక్రాల బూట్ల మీదా, కాలినడకనా, పసిపిల్లల్ని బుల్లిబండిలో తోసుకుంటూ... ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఆ రోడ్లన్నీ వాళ్లవే. కార్లూ మోటారుసైకిళ్లూ పక్క వీధులు చూసుకోవాల్సిందే.

ఈ ఏర్పాటు పేరు సిక్లోవియా. స్పానిష్ భాషలో సైకిల్ బాట అని అర్థం. ఏదో ఒక వీధి కాదు, అటూఇటూగా 120 కిలోమీటర్ల రోడ్లను ఇలా జనానికి వదిలేస్తారు. విజయవాడ నుంచి ఏలూరు వెళ్లి తిరిగి వచ్చినంత దూరమన్నమాట. 80 లక్షల జనాభా ఉన్న ఊళ్లో వాన లేని ఆదివారం పదిలక్షల మందికిపైగా వీధుల్లోకి వస్తారని అంచనా.

కొండను చూస్తే దారి తెలుస్తుంది

ఆండీస్ పర్వతాల నడుమ, సముద్రమట్టానికి 2640 మీటర్ల ఎత్తున పరుచుకున్న మైదానం మీద ఉంది బొగోటా. మన ఊటీ కన్నా 400 మీటర్లు ఎత్తు. భూమధ్యరేఖకు దగ్గరే అయినా ఉక్కపోత తెలియదు. ఏడాది పొడవునా స్వెటర్లు వేసుకునే వాతావరణం, ఎప్పుడు పడుతుందో తెలియని చిరుజల్లు. తూర్పున గోడ కట్టినట్టు కొండలుంటాయి. వాటిలో ఒకటైన మోన్సెరాతే శిఖరం మీద తెల్లటి చర్చి ఊళ్లో చాలాచోట్ల నుంచి కనిపిస్తుంది.

ఆ కొండల వెంబడి ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే రోడ్లను కరేరాలంటారు. వాటిని అడ్డంగా కోస్తూ కొండవైపు వెళ్లేవి కాయేలు. అన్నిటికీ నంబర్లే. కొత్తగా వచ్చినవాళ్లు కొండ ఎటుందో చూసుకుంటే చాలు, దారి తప్పరు. కొండ తర్వాత చదునైన నేల కాబట్టి తొక్కడమూ తేలికే... ఎత్తు ప్రాంతానికి అలవాటుపడని ఊపిరితిత్తులు కాస్త ఎగశ్వాస పెడతాయంతే!

ఆదివారం సందడంతా చూడాలంటే ఏడో నంబరు కరేరా మీదికి వెళ్లాలి. పంక్చర్లు వేసేవాళ్లూ, గాలి కొట్టేవాళ్లూ రోడ్డువారనే దుకాణం తెరుస్తారు. నారింజపండ్లను అప్పటికప్పుడు పిండి రసమిస్తారు. పచ్చిమామిడి ముక్కల మీద ఉప్పు చల్లి నిమ్మకాయ పిండి ఇస్తుంటే తెలుగువాళ్లకు ఊరు గుర్తురాక మానదు. అరేపా అనే మొక్కజొన్న రొట్టె వేడివేడిగా పెనం మీద కాలుతుంటుంది. దారిపక్కనున్న పార్కుల్లో వేదికెక్కిన శిక్షకులు పాటలు పెట్టి వ్యాయామం చేయిస్తుంటే వందలమంది కింద అదే లయలో కాళ్లూచేతులూ కదుపుతుంటారు. అందులో చిన్నపిల్లలూ ఉంటారు, అమ్మమ్మలూ ఉంటారు. ఫీజు లేదు. కూడళ్లలో జనాన్ని దాటించడానికి నగరపాలక సంస్థ సిబ్బందికి తోడుగా హైస్కూలు విద్యార్థులు నిలబడతారు. సామాజిక సేవ కింద వాళ్ల చదువులో అదీ ఒక భాగమే.

ఈ సందడి వెనక ఇంకో సంగతి ఉంది. బొగోటాలో ఉత్తరాన కలవారు ఉంటారు, దక్షిణాన లేనివారు ఉంటారు. ఇళ్లున్న ప్రాంతాన్ని బట్టి ఒకటి నుంచి ఆరు దాకా తరగతులుగా విడదీసి, ఆ లెక్కనే కరెంటు, నీళ్ల బిల్లులు వేస్తారు. ‘మీది ఎన్నో నంబరు?’ అంటే ‘మీ స్థోమత ఎంత?’ అని అడిగినట్టే. ఒకటో నంబరు ఇంటివాళ్లూ ఆరో నంబరు ఇంటివాళ్లూ పక్కపక్కన కనిపించే చోట్లు ఆ నగరంలో తక్కువ. ఆదివారం రోడ్డు అలాంటి ఒక చోటు.

నలుగురు కుర్రాళ్ల కోరిక

సిక్లోవియాను ఏ ప్రభుత్వమూ కనిపెట్టలేదు. 1970ల మొదట్లో బొగోటాలో కార్లు పెరిగాయి, రోడ్లు వెడల్పు చేయడం మొదలైంది, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ చోటు కరవైంది. అది నచ్చని కొందరు యువకులు ఒక బృందంగా ఏర్పడి, కొన్ని గంటలపాటు రెండు ప్రధాన రోడ్లను తమకివ్వమని అధికారుల్ని అడిగారు. అనుమతి దొరికింది. 1974 డిసెంబరు 15న వేలమంది సైకిళ్లేసుకుని వచ్చారు. నిరసనలా మొదలైనది తిరునాళ్లలా ముగిసింది. 1976లో నగర మేయరు దానికి అధికారిక ముద్ర వేశారు.

తర్వాత నడక సాఫీగా సాగలేదు. ఒక మేయరు పెంచితే మరొకరు పట్టించుకోలేదు. 1990ల మొదటికి పదీఇరవై కిలోమీటర్లకు కుదించుకుపోయింది. ఆ దశాబ్దం మధ్యలో పార్కుల విభాగం అధిపతిగా వచ్చిన గిల్ పెన్యలోసా పట్టుబట్టి దాన్ని వంద కిలోమీటర్లు దాటించారు. కొత్తగా రోడ్లేమీ వేయలేదు. ఉన్న రోడ్లనే ఏడుగంటలపాటు వేరేవాళ్ల చేతికిచ్చారు. అంత చవకైన ప్రజోపయోగ పని మరొకటి ఉండదంటారు పట్టణ ప్రణాళికలు తయారుచేసేవాళ్లు. అందుకే సిక్లోవియాను చూసి ఎన్నో దేశాల్లో నగరాలు ఆదివారం రోడ్లు మూయడం మొదలుపెట్టాయి.

జనం అంత తేలిగ్గా సైకిలెక్కడానికి కారణం వాళ్ల నెత్తుట్లోనే ఉంది. కొలంబియాలో సైకిల్ పందేలంటే మనకు క్రికెట్‌లాగే. దేశాన్ని చుట్టివచ్చే పందెం 1951 నుంచి జరుగుతోంది. తోటమాలిగా పనిచేసిన లూచో హెరేరా 1987లో స్పెయిన్ దేశపు పెద్ద పందెం గెలిస్తే ఊళ్లకు ఊళ్లే పండగ చేసుకున్నాయి. బొగోటాకు కాస్త ఉత్తరాన ఉన్న సిపాకిరా పట్టణంలో పెరిగిన ఏగాన్ బెర్నాల్ 2019లో టూర్ డి ఫ్రాన్స్ నెగ్గాడు. లాటిన్ అమెరికా నుంచి ఆ కిరీటం అందుకున్న మొదటివాడు అతనే. ఈ వీరులు చిన్నప్పుడు తాగింది ఖరీదైన పానీయాలు కాదు... అగువాపనేలా. అంటే బెల్లం నీళ్లు! కొండదారుల్లో తొక్కేవాళ్లకు నేటికీ అదే శక్తి.

పైసల యుద్ధం

ఇదంతా ఆదివారం ముచ్చట. సోమవారం పొద్దున ఊరంతా పనికి వెళ్లాలి. దక్షిణం చివర ఉండే ఇళ్లలో పనిచేసే అమ్మాయికీ, భవనాల దగ్గర కాపలా ఉండే అతనికీ కొలువు ఉత్తరాన ఉంటుంది. మధ్యలో 20 కిలోమీటర్ల దూరం. సైకిల్ మీద వెళ్లినవాళ్లు లేకపోలేదు. కానీ రోజూ రెండుపూటలా అంత దూరం అందరివల్లా కాదు. వాళ్లకు బస్సే గతి.

పాతికేళ్ల కిందటి దాకా ఆ బస్సులన్నీ ప్రైవేటువే. ఎంతమందిని ఎక్కిస్తే డ్రైవరుకు అంత ముట్టేది. దాంతో ముందున్న బస్సును దాటేసి ఆ ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలని పోటీలు పడేవాళ్లు. నడిరోడ్డు మీద ఆపడం, ఎక్కుతుండగానే లాగించడం, ఎర్రదీపాన్ని లెక్కచేయకపోవడం... ఈ గొడవకు జనం పెట్టిన పేరు ‘పైసల యుద్ధం’. అందులో ఓడిపోయేది మాత్రం ప్రయాణికులే.

1995లో మేయరైన అంటానస్ మోకుస్ లెక్కల మాస్టారు. ట్రాఫిక్ నేర్పడానికి ఆయన పోలీసుల బదులు ముఖానికి తెల్లరంగు పూసుకున్న మూకాభినయ కళాకారుల్ని కూడళ్లలోకి దింపారు. గీత దాటిన డ్రైవర్లను వాళ్లు అనుకరించి వెక్కిరిస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. జరిమానా కట్టడానికి వెనకాడనివాళ్లు కూడా నలుగురి ముందు నవ్వులపాలు కావడానికి వెనకాడారు. ఆ నవ్వుతో నగరం కాస్త దారికొచ్చింది.

ఆయన తర్వాత 1998లో వచ్చిన ఎన్రికే పెన్యలోసా- గిల్‌కు సోదరుడు- ముందు రోడ్డు లెక్క చూశారు. అప్పటికే జపాన్ సహకార సంస్థ తయారుచేసిన రవాణా ప్రణాళిక నగరం చేతిలో ఉంది. అందులో స్తంభాల మీద సాగే ఎక్స్‌ప్రెస్ రహదారుల సూచన ఉంది. ఆయన దాన్ని పక్కన పెట్టేశారు. కారున్నవాళ్లు కొద్దిమందే అయినప్పుడు ఖజానా అంతా వాళ్ల దారికే పోయడం ఏం న్యాయమన్నది ఆయన ప్రశ్న. బస్సులో వందమంది ఉంటే ఒక్కడే కూర్చున్న కారు కన్నా దానికి వందరెట్ల చోటు దక్కాలన్నది ఆయన తరచూ చెప్పే సూత్రం. ఫుట్‌పాత్‌ల మీద నిలిపిన కార్లను తీయించి అడ్డంగా స్తంభాలు పాతిస్తే వ్యాపారులు భగ్గుమన్నారు. పదవి నుంచి దించేయాలని ప్రచారం కూడా నడిచింది.

2000 ఫిబ్రవరి 24న, పనిదినమైన గురువారం నాడు, నగరమంతా సొంత కార్లు లేకుండా గడిపింది. అదే ఏడాది అక్టోబరులో ‘ఏటా ఒకరోజు ఇలాగే చేద్దామా?’ అని ఓటింగ్ పెడితే జనం సరేనన్నారు. ఫిబ్రవరి మొదటి గురువారం కార్లు లేని రోజుగా స్థిరపడింది.

ఎర్రబస్సుకు రాజమార్గం

2000 డిసెంబరులో ట్రాన్స్‌మిలేనియో పట్టాలెక్కింది... పట్టాలు లేకుండానే! బ్రెజిల్‌లోని కురిటీబా నగరం 1974లోనే చేసి చూపిన పద్ధతిని బొగోటా మరింత పెద్దది చేసింది. రోడ్డు మధ్యలో బస్సులకే కేటాయించిన దారి. అక్కడే స్టేషన్. టికెట్ లోపలికి వెళ్లేటప్పుడే తీసుకోవాలి. ప్లాట్‌ఫామ్, బస్సు అంతస్తు ఒకే ఎత్తున ఉంటాయి కాబట్టి మెట్లెక్కే పని లేదు. రెండు పెట్టెలు కలిపినట్టుండే ఎర్రబస్సులో 160 మంది పడతారు. తర్వాత మూడుపెట్టెల బస్సులూ వచ్చాయి.

అసలు కిటుకు వేరే ఉంది. చాలా స్టేషన్ల దగ్గర దారిని రెండు వరసలు చేశారు. దాంతో అక్కడ ఆగాల్సిన అవసరం లేని బస్సు, ఆగిన బస్సును దాటి వెళ్లిపోతుంది. ఎక్స్‌ప్రెస్, ప్యాసింజర్ రైళ్లలాగా అన్నమాట. ఈ ఒక్క ఏర్పాటుతో రద్దీ సమయంలో గంటకు 45 వేల మందిని ఒకవైపునే చేరవేసే స్థాయికి చేరింది. చాలా మెట్రోరైళ్లు కూడా అంతమందిని మోయవు. డ్రైవర్ల పోటీకీ తెరపడింది. కంపెనీలకు తలల లెక్కన కాక, తిప్పిన కిలోమీటర్ల లెక్కన డబ్బు రావడంతో పైసల యుద్ధానికి ఆ దారిలో పనిలేకుండా పోయింది. శివారు కాలనీల నుంచి జనాన్ని తెచ్చి టెర్మినల్‌లో దించడానికి ఆకుపచ్చ ఫీడర్ బస్సులు పెట్టారు.

అప్పట్లో మేయరు పదవీకాలం మూడేళ్లే, వెంటనే మళ్లీ పోటీచేసే వీలు లేదు. ఆ మూడేళ్లలోనే అనుకోవడం, కట్టడం, నడపడం జరిగిపోయాయి. మెట్రోరైలు గురించి మాత్రం ఆ నగరం 1940ల నుంచీ మాట్లాడుకుంటూనే ఉంది. దాదాపు 24 కిలోమీటర్ల మొదటి లైను పనులు ఇప్పుడు సాగుతున్నాయి. 2028లో నడపాలన్నది లక్ష్యం.

మట్టిరోడ్డు పక్కన సిమెంటు బాట

బస్సులకు దారి వేసిన చేత్తోనే సైకిళ్లకూ వేశారు. ఆదివారం దారులు వేరు, ఇవి వేరు. వారమంతా ఉండే శాశ్వత బాటలు. వాటిలో అందరికీ గుర్తుండిపోయేది నైరుతి శివార్లలోని పేదల కాలనీల మీదుగా వేసిన అలమేదా ఎల్ పోర్వెనీర్. పేరుకు అర్థం ‘భవిష్యత్తు బాట’. కార్లు తిరిగే వీధి గుంతలతో, బురదతో ఉంటే పక్కనే నడిచేవాళ్లకూ సైకిళ్లకూ చదునైన సిమెంటు దారి! ‘ముందు కార్ల రోడ్డు వేయండి’ అన్నవాళ్లకు పెన్యలోసా సమాధానం ఒకటే- ఇక్కడ కార్లున్నవాళ్లు ఎందరు? రెండువేల రూపాయల సైకిల్ తొక్కేవాడూ ఇరవై లక్షల కారులో వెళ్లేవాడూ నగరానికి సమానమేనని చెప్పడానికి ఆ బాట ఒక గుర్తు.

ఇప్పుడు అలాంటి బాటల పొడవు 600 కిలోమీటర్లు దాటింది. 2019 సర్వేలో రోజుకు దాదాపు 8 లక్షల 80 వేల ప్రయాణాలు సైకిళ్ల మీద జరుగుతున్నట్టు తేలింది. ట్రాన్స్‌మిలేనియో టెర్మినళ్లలో సైకిల్‌ను ఉచితంగా నిలుపుకునే చోట్లున్నాయి. ఇంటి నుంచి రెండుమూడు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చి, సైకిల్ పెట్టేసి, ఎర్రబస్సెక్కి పనికి వెళ్లి, సాయంత్రం మళ్లీ అదే సైకిల్ మీద ఇంటికి చేరేవాళ్లు ఎందరో. 2022లో 300 స్టేషన్లతో అద్దె సైకిళ్లూ వచ్చాయి.

‘నిండు’ కష్టాలు

ఇంతవరకూ వింటే బొగోటా స్వర్గమనిపిస్తుంది. అక్కడివాళ్లను అడిగితే మాత్రం ముందు కష్టాలే చెబుతారు. ట్రాన్స్‌మిలేనియోను వాళ్లు ముద్దుగా... కాదు, కోపంగా ‘ట్రాన్స్‌మియేనో’ అంటారు. యేనో అంటే నిండిపోయినది. జనం పెరిగినంత వేగంగా దారులు పెరగలేదు. ఉదయం, సాయంత్రం వేళల్లో చదరపు మీటరుకు ఆరేడుగురు నిలబడాల్సిన పరిస్థితి. జేబుదొంగలకు పండగ, ఆడవాళ్లకు నరకం. 2012 మార్చిలో రద్దీ మీద మొదలైన నిరసన అల్లర్లుగా మారి కొన్ని స్టేషన్లు ధ్వంసమయ్యాయి. టికెట్ కొనకుండా గేట్లు దూకి వచ్చేవాళ్ల బెడద తీరలేదు. వచ్చే టికెట్ డబ్బు ఖర్చులకు చాలక ఏటా నగర ఖజానా నుంచి భర్తీ చేయాల్సి వస్తోంది. విసిగిపోయినవాళ్లు వాయిదాల మీద మోటారుసైకిళ్లు కొనేశారు. ఒక్కో బస్సు ప్రయాణికుడు ఒక్కో మోటారుసైకిల్‌గా మారితే రోడ్డు ఏమవుతుందో తెలుగు నగరాలవాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

సైకిల్ దారీ పూలబాట కాదు. ఏటా వేల సైకిళ్లు దొంగల పాలవుతున్నాయి. చీకటిపడితే కొన్ని బాటల మీద వెళ్లాలంటే మగవాళ్లకూ భయమే. సైకిల్ తొక్కేవాళ్లలో ఆడవాళ్లు నలుగురిలో ఒకరే. బాట ఆగిపోయిన చోట లారీల మధ్య దూరాల్సిందే, ప్రాణాలు పోతున్నదీ అక్కడే. ఇంకో చేదు నిజం... ఇష్టపడి తొక్కేవాళ్ల కన్నా బస్సు చార్జీలకు డబ్బుల్లేక తొక్కేవాళ్లూ తక్కువేం లేరు.

అందుకే ఆ నగరంలో ఎన్నికలొచ్చిన ప్రతిసారీ పాత వాదనే కొత్తగా మొదలవుతుంది. బస్సు పక్షంవాళ్లు దూరాన్ని చూపిస్తారు. ఊళ్లోని ప్రయాణాల్లో దాదాపు మూడోవంతు బస్సులవే, సైకిల్ వాటా ఏడుశాతానికి అటూఇటూ. ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు, వానలో వెళ్లాల్సినవాళ్లు ఏం తొక్కుతారని అడుగుతారు. సైకిల్ పక్షంవాళ్లు ఖర్చును చూపిస్తారు. సైకిల్ బాటకు డీజిలూ డ్రైవరూ ఏటేటా భర్తీ చేసే నష్టాలూ ఉండవు. ఒకరు సైకిలెక్కితే కిక్కిరిసిన బస్సులో ఒకరికి ఊపిరి ఆడుతుందంటారు. ఇద్దరి మాటా నిజమే.

ఏడో నంబరు పంచాయితీ

ఈ రెండు నిజాలూ ఒకదాన్నొకటి ఢీకొన్న చోటు కూడా ఏడో నంబరు కరేరాయే. 2016లో పెన్యలోసా రెండోసారి మేయరయ్యాక దాని మీదికీ ట్రాన్స్‌మిలేనియోను తేవాలనుకున్నారు. ఆ రోడ్డువెంట ఉండేవాళ్లు ఒప్పుకోలేదు, వ్యవహారం కోర్టుకెక్కింది. 2020 జనవరి 1న మేయరైన క్లౌడియా లోపెజ్ ప్రమాణస్వీకారానికి సైకిల్ మీదే వచ్చారు. ఆ ఊరికి ఎన్నికైన మొదటి మహిళా మేయరు ఆమె. ఆ మార్చిలో కరోనా వచ్చిపడింది. బస్సుల్లో దూరం పాటించాలి, జనం పనులకూ వెళ్లాలి. సిక్లోవియా అప్పుడు అక్కరకొచ్చింది. ఆదివారం వాడే ప్లాస్టిక్ కోన్లనే సోమవారం కూడా రోడ్ల మీద నిలబెట్టి, సుమారు 80 కిలోమీటర్ల తాత్కాలిక సైకిల్ దారులు సిద్ధం చేశారు. నలభై ఆరేళ్ల ఆదివారాలు చేయించిన సాధన అది. ఏ రోడ్డును ఎలా మూయాలో, ట్రాఫిక్‌ను ఎటు మళ్లించాలో సిబ్బందికి కొట్టినపిండి.

అదే ఏడాది ఏడో నంబరు కరేరా మీద కూడా ఒక వరసను సైకిళ్లకు తీసిచ్చారు. సైకిళ్లవాళ్లు సంతోషించారు. కానీ ఆ రోడ్డు మీద బస్సులకు విడిగా గోడకట్టిన దారి లేదు. మిగిలిన వరసల్లో కార్ల మధ్య అవి ఇరుక్కున్నాయి. బస్సులో నిలబడి వెళ్లే జనం గడియారాలు చూసుకుని సైకిళ్లను తిట్టారు. అలా తిట్టుకున్న ఇద్దరికీ కార్లు లేవు! ఉన్న రోడ్డులో ఎక్కువ భాగాన్ని ఆక్రమించిన వాహనం మాత్రం వాళ్లిద్దరి తగవులో సాక్షిగా కూడా కనిపించలేదు.

సైకిలా, బస్సా అని అడిగినప్పుడల్లా జరిగేది ఇదే. సైకిల్‌కు చోటు బస్సు నుంచి లాక్కుంటే పేదవాడి నుంచి పేదవాడికి ఇచ్చినట్టు. బస్సును ముందు కార్ల గుంపు నుంచి విడదీసి, ఆ తర్వాత సైకిల్‌కు చోటు చూస్తేనే రెండూ నిలుస్తాయి. బొగోటాలో ఎక్కడెక్కడ ఆ వరసలో చేశారో అక్కడ రెండూ బతికాయి. ఆ వరస తప్పిన చోట రెండూ పోట్లాడుకున్నాయి.

కొండమీది కాలనీకి ఊయల

మరి బస్సూ సైకిలూ రెండూ పనికిరాని చోటో? దక్షిణాన సియుడాడ్ బోలివర్ అనే ప్రాంతం ఉంది. కొండవాలు మీద ఇటుకల ఇళ్లు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కినట్టు ఉంటాయి. పల్లెల్లో హింసకు భయపడి పారిపోయి వచ్చినవాళ్లు కట్టుకున్నవి చాలా. అక్కడికి సైకిల్ తొక్కుకెళ్లాలంటే ఏగాన్ బెర్నాలే దిగిరావాలి. బస్సుకు మలుపు తిరగదు. 2018 డిసెంబరులో అక్కడ తీగల మీద సాగే రోప్‌వే మొదలైంది. పేరు ట్రాన్స్‌మికేబుల్. పొడవు 3.34 కిలోమీటర్లు, ఒక్కో పెట్టెలో పదిమంది. ఒకప్పుడు గంటదాకా పట్టే కొండదారి పావుగంటలోపుకు వచ్చింది. దిగేది నేరుగా ఎర్రబస్సుల టెర్మినల్‌లోనే. పర్యటకుల కోసం కాదు, పాలప్యాకెట్లు పట్టుకుని ఇంటికెళ్లే తల్లుల కోసం కట్టిన రోప్‌వే అది. ఇప్పుడు దాన్ని చూడటానికే పర్యటకులు కొండెక్కుతున్నారు.

దూరానికి బస్సు, దగ్గరకు సైకిల్, కొండకు తీగ. ఏది గొప్పదన్న పోటీ లేదు, ఏ పనికి ఏది అన్న లెక్కే ఉంది. ఆ నగరం ఈమధ్య దాదాపు 1500 ఎలక్ట్రిక్ బస్సుల్నీ తెచ్చుకుంది. చైనా బయట ఒకే నగరంలో అన్ని ఉండటం అరుదు.

మన రోడ్ల దాకా...

బొగోటా గాలి ఇటూ వీచింది. 2005లో మొదలైన జేఎన్ఎన్‌యూఆర్ఎం పథకం కింద దేశంలోని చాలా నగరాల్లో బస్సులకు ప్రత్యేక దారులు వేశారు. వాటిలో విశాఖ, విజయవాడలూ ఉన్నాయి. విజయవాడలో ఆటో ఎక్కి ‘బీఆర్‌టీఎస్ రోడ్డు’ అంటే చాలు, తీసుకెళ్తారు. అయితే అందులో మొదటి అక్షరం బస్సుదన్న సంగతి గుర్తున్నవాళ్లు తక్కువ. ఆదివారం రోడ్లు జనానికివ్వాలన్న ముచ్చట 2013లో గుడ్‌గావ్‌లో రాహ్‌గిరి పేరుతో మొదలై, మరుసటి ఏడాది హైదరాబాద్‌కూ వచ్చింది. 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాల్ని ఆపి ‘సండే ఫండే’ జరిపితే కుటుంబాలు పిల్లల్ని వెంటేసుకుని తరలివచ్చాయి. రోడ్డు దొరికితే నడవడానికి మనవాళ్లూ వెనకాడరని తేలిపోయింది.

తేలాల్సింది సోమవారం సంగతి. అమీర్‌పేటలో మెట్రో దిగినవాళ్లయినా, బెంజి సర్కిల్ దగ్గర సిటీబస్సు దిగినవాళ్లయినా ఇంటికి మిగిలిన ఆ కిలోమీటరు ఎలా వెళ్తున్నారన్నది ఒక ప్రశ్న. స్టేషన్ దగ్గర సైకిల్ పెట్టుకోవడానికి నీడపట్టున చోటుందా, తాళం వేసిన సైకిల్ సాయంత్రందాకా ఉంటుందా, బస్సు రావాల్సిన వేళకు వస్తుందా అన్నవి మిగతా ప్రశ్నలు. ఇవేవీ వందల కోట్ల ఖర్చుతో కూడినవి కావు.

బొగోటా అన్నీ సాధించిన ఊరు కాదు. ఎర్రబస్సులో ఇప్పటికీ ఊపిరాడదు, మెట్రో ఇంకా రాలేదు, సైకిళ్ల దొంగతనాలు ఆగలేదు. అయినా అక్కడ పుట్టిన పిల్లలకు ఒక సంగతి నడక నేర్చేటప్పుడే తెలిసిపోతుంది. రోడ్డంటే కార్లది కాదని, అది ఊరి ఆస్తి అని. పెద్దయ్యాక వాళ్లు సైకిలే తొక్కుతారో, బస్సే ఎక్కుతారో, కారే కొంటారో... తమ వంతు చోటు కోసం అడగడం మాత్రం మానరు. మూడేళ్లకో నాలుగేళ్లకో ఓటడగడానికి వచ్చే ప్రతి మేయరూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సి వస్తోందంటే... ఆ ఆదివారాల చలవే!